దూరపు గురికి ఎలాంటి తూటా

ఖతర్‌లో ఉంటున్న తెలుగువాళ్లలో తుపాకీ చేతబట్టినవాళ్లు తక్కువే గానీ, దాని మీద ఆసక్తి ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఏటా సెప్టెంబరు ప్రాంతంలో దోహాలోని కతారాలో సుహైల్ పేరుతో వేట సామగ్రి, డేగల ప్రదర్శన జరుగుతుంది. 2017లో మొదలైంది. డేగల పక్కనే రైఫిళ్లు, దుర్బీన్లు బారులు తీరి ఉంటాయి. లైసెన్సు ఉన్నవాళ్లు కొనుక్కుంటారు, మిగతావాళ్లం చూసి వస్తాం. అలాంటి చోట నిలబడితే ఎవరికైనా మొదట తోచే ప్రశ్న ఒకటుంది: వీటిలో ఎక్కువ దూరం కొట్టే తూటా ఏది? ఈ ప్రశ్నతో మొదలుపెట్టినవాళ్లు దాదాపు ఎప్పుడూ అవసరానికి మించిన తూటా కొంటారని నా అభిప్రాయం. దూరం పెరిగేకొద్దీ గురి చెడగొట్టేవి రెండు, ఒకటి గాలి, రెండోది కాల్చే మనిషి ఒళ్లు. ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకుని, పనికి సరిపోయే తూటాల్లో భుజాన్ని అన్నిటికన్నా తక్కువగా తన్నేదాన్ని ఎంచుకోవాలి. ఎందుకో వివరంగా చెప్తాను.

ముందు గాలి సంగతి. మన కళ్లాల్లో తూర్పారబట్టేటప్పుడు చూసే ఉంటారు, అదే గాలికి గట్టిగింజ కాళ్ల దగ్గరే పడుతుంది, తాలు దూరంగా కొట్టుకుపోతుంది. గుండు విషయంలోనూ అంతే. బరువుకు తగ్గ సన్నదనం, పొడవాటి మొన ఉన్న గుండు గాలిని చీల్చుకుని పోతుంది, వేగం నిలుపుకుంటుంది, పక్కకు తక్కువ జరుగుతుంది. 1952లో వచ్చిన .308 వించెస్టర్‌నూ, 2007లో హార్నడీ కంపెనీ తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్‌నూ పక్కపక్కన పెట్టి చూడండి. 500 మీటర్ల దూరంలో, గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలిలో, మామూలు మ్యాచ్ (పోటీ) గుండుతో .308 సుమారు 70 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. క్రీడ్‌మూర్ అర మీటరుకు కాస్త పైన. క్రీడ్‌మూర్‌ది చిన్న గుండు, మందు కూడా కాస్త తక్కువే, అయినా గాలికి నిలబడేది అదే. మరి .300 వించెస్టర్ మాగ్నమ్ లాంటి పెద్దదాన్ని తెస్తే? బరువైన పొడుగు గుండు వేసినా, ఆ దూరంలో గాలి దగ్గర క్రీడ్‌మూర్ కంటే మిగిలేది కొద్ది సెంటీమీటర్లే. మందు మాత్రం దాదాపు రెట్టింపు మండుతుంది.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. గాలి 16 కిలోమీటర్లు అనుకుని గురి సవరించుకున్నారు, నిజానికి అది 24 ఉంది. ఈ తప్పు అనుభవం ఉన్నవాళ్లకూ మామూలే. ఖతర్‌లో షమాల్, అంటే వాయవ్యం నుంచి వచ్చే గాలి, వీచే రోజుల్లో మరీ మామూలు. అప్పుడు .308 గుండు 35 సెంటీమీటర్లు తప్పుతుంది, క్రీడ్‌మూర్ గుండు 26 దాకా తప్పుతుంది. గజెల్ లాంటి జింక ఛాతీలో ప్రాణం పోయే చోటు ఒక చిన్న పళ్లెమంత కూడా ఉండదు. అంటే రెండు తూటాలూ తప్పినట్టే. తూటా మార్చి మీరు సంపాదించింది పది సెంటీమీటర్ల లోపు, గాలిని సరిగ్గా చదివి ఉంటే సంపాదించేది మొత్తం 26. చేతిలో గాలి మీటరు ఉందిగా, ఫోనులో లెక్కలు కట్టే యాప్ ఉందిగా అని మీరు అడగొచ్చు. ఆ మీటరు మీరు నిలబడ్డ చోటి గాలిని చెప్తుంది. మూడు వందల మీటర్ల అవతల, దిబ్బ వెనక నుంచి మలుపు తిరిగి వచ్చే గాలిని చెప్పదు. అక్కడ ఎండమావి అలలు ఎటు వాలుతున్నాయో, ఇసుక ఎలా లేస్తోందో చూసి మనిషే తేల్చుకోవాలి. ఆ చూపు వందల తూటాలు కాలిస్తే గానీ రాదు.

పెద్ద తూటా వాదులు ఊరుకోరు. "శక్తి చేతిలో ఉంటే నష్టమేముంది, అవసరానికి పనికొస్తుంది కదా" అంటారు. నష్టం ఉంది. ఒకే బరువున్న రైఫిల్‌లో .300 మాగ్నమ్ తన్నే తన్ను క్రీడ్‌మూర్ తన్నుకు సుమారు రెట్టింపు. భుజానికి ఆ దెబ్బ అలవాటయ్యేలోపు కన్ను ముందే భయపడుతుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో రెప్ప పడుతుంది, చెయ్యి బిగుసుకుంటుంది. ఆ బిగువు వంద మీటర్ల దగ్గర కనపడకపోవచ్చు, ఐదు వందల దగ్గర గుండును జానెడు పక్కకు నెడుతుంది. తూటా ఖరీదూ ఎక్కువ, బ్యారెల్ కూడా త్వరగా అరుగుతుంది. .308 బ్యారెల్ ఐదు వేల తూటాల వరకు గురి నిలుపుకోగలిగితే, మాగ్నమ్ అందులో సగానికి ముందే నీరసపడుతుంది. దాంతో మనిషి సాధన తగ్గించేస్తాడు, ఇక గాలి చదవడం ఎలా వస్తుంది? దీనికి గట్టి సాక్ష్యం పాల్మా రైఫిల్ పోటీ. 1876లో మొదలైన ఈ పోటీలో ఇప్పుడు కాల్చేది 800, 900, 1000 గజాల దూరం. అందరికీ .308 లేదా .223 మాత్రమే అనుమతి. తూటా విషయంలో అందరికీ ఒకే హద్దు ఉన్నా గెలుపు ఓటముల తేడాలు మాయమైపోలేదు. పాయింట్లను వేరు చేసేది ముఖ్యంగా గాలి.

వేటలో ఇంకో చిక్కుంది, అది నాకు అన్నిటికన్నా ముఖ్యం. 500 మీటర్లు పోవడానికి క్రీడ్‌మూర్ గుండుకు ముప్పావు సెకను పడుతుంది. ఆ లోపు నెమ్మదిగా నడిచే జింక కూడా ముక్కాలు మీటరు ముందుకు జరుగుతుంది. ఛాతీకి పెట్టిన గురి కడుపులో దిగుతుంది. మాగ్నమ్‌తో మిగిలేది సెకనులో పదో వంతు కూడా కాదు. దీనికి మందు ఏ కంపెనీ డబ్బాలోనూ దొరకదు, దగ్గరికి వెళ్లడం ఒక్కటే మార్గం. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆఫ్రికాలో ఈలండ్ లాంటి భారీ జంతువుల వేటకు చట్టబద్ధంగా వెళ్లేవాళ్లకు బరువైన గుండు, లోతుగా దిగే గుండు కావాలి. అక్కడ పెద్ద తూటా న్యాయమే, అయితే దగ్గరి దూరంలో. బోర్డు మీద గురికి చేసిన మ్యాచ్ గుండ్లను జంతువు మీద వాడకూడదు, అవి శరీరంలో విచ్చుకోవడానికి తయారైనవి కావు.

దూరం నుంచి కొట్టడం తెచ్చే నష్టం ఈ గల్ఫ్ నేలకు కొత్త కాదు. ఖతర్ జాతీయ జంతువైన అరేబియా ఓరిక్స్ ఎడారిలో వేల ఏళ్లు బతికింది. ఇరవయ్యో శతాబ్దంలో వాహనాలు, దూరం కొట్టే రైఫిళ్లు కలిసి వచ్చాక నిలవలేకపోయింది. 1972లో ఒమన్‌లో చివరి అడవి ఓరిక్స్ పోయింది. ఇప్పుడు షహానియాలో మనం చూసేవి, మనుషులు పెంచి నిలబెట్టిన మందలు. అదే 1972లో భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఖతర్‌లోనూ వేటకు నియమాలున్నాయి, ఇక్కడి సంప్రదాయం ఎక్కువగా డేగతోనే సాగుతుంది. ఆయుధమూ తూటాలూ లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోకూడదని 1999 నాటి 14వ నంబరు చట్టం చెప్తుంది. కాల్చేసిన ఖాళీ తూటానైనా జ్ఞాపకంగా సూట్‌కేసులో వేసుకుని విమానాశ్రయానికి వెళ్లకండి.

వేడి గురించి కూడా చెప్పాలి, ఇది ఇక్కడే ఎక్కువగా తెలిసే విషయం. 45 డిగ్రీల వేడిలో గాలి, 15 డిగ్రీల నాటి గాలి కంటే పదోవంతు దాకా పలచబడుతుంది. గుండుకు అడ్డు తగ్గుతుంది, అది మంచిదే. కానీ తూటాలోని మందు కూడా వేడెక్కుతుంది. మామూలు మందుకు ముప్పై డిగ్రీల తేడా వస్తే వేగం సెకనుకు 15 మీటర్ల దాకా పెరగొచ్చు, వెయ్యి మీటర్ల దగ్గర అది అడుగుకు మించిన ఎత్తు తేడా. లోపలి ఒత్తిడి కూడా పెరుగుతుంది. మందు నిండుగా కూరిన మాగ్నమ్ తూటాను ఎండలో నిలిపిన కారులో ఉంచితే అది ప్రమాదం వైపు ఒక మెట్టు. కాబట్టి వేడికి పెద్దగా మారని మందుతో చేసిన తూటాలు కొనాలి, వాటిని నీడలో ఉంచాలి, ఏ వేడిలో కాలుస్తారో ఆ వేడిలోనే గురి సరిచూసుకోవాలి.

ఇదంతా విన్నాక, "మాకు ఇక్కడ రైఫిల్ లైసెన్సు ఎవరిస్తారు, ఈ లెక్కలు మాకెందుకు" అనేవాళ్లుంటారు. వాళ్లకు నా జవాబు .22 లాంగ్ రైఫిల్. 1887 నాటి ఈ చిన్న తూటాతోనే 50 మీటర్ల ఒలింపిక్ పోటీ నడుస్తుంది. 2006 ఆసియా క్రీడలకు వేదికైన లుసైల్ షూటింగ్ కాంప్లెక్స్‌లో 50 మీటర్ల రేంజ్ ఉంది. హైదరాబాద్ నుంచి ఎదిగి లండన్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ 50 మీటర్లలోనూ పోటీపడ్డాడు. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చింది ఈ తూటాతోనే. బోర్డు మీద పది పాయింట్ల వృత్తం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు, మన చిటికెన వేలి మందం. ఈ పోటీకి ధ్వనివేగానికి లోబడిన నెమ్మది తూటానే వాడతారు. ఎందుకంటే ధ్వనివేగం దాటిన .22 గుండు ఆ హద్దు దగ్గర వేగం గబగబా కోల్పోతుంది, అందువల్ల గాలికి నెమ్మదిదాని కంటే ఎక్కువ జరుగుతుంది. వేగం ఎక్కువైతే గురి బాగుంటుందనే నమ్మకానికి ఇంతకంటే స్పష్టమైన జవాబు నాకు దొరకలేదు. పై స్థాయి షూటర్లు డబ్బా మీది పేరు చూసి కూడా ఆగరు. ఒకే కంపెనీ, ఒకే రకం తూటాలో వేర్వేరు లాట్‌లు తెప్పించుకుని తమ బ్యారెల్‌లో కాల్చి, బోర్డు మీద రంధ్రాల గుంపు చిన్నదైన లాట్‌ను పెద్ద మొత్తంలో కొనుక్కుంటారు. పిల్లల్ని ఊళ్లో షూటింగ్ అకాడమీలో చేర్పించాలనుకునే తల్లిదండ్రులు, తుపాకీ ధర అడిగే ముందు ఒక్క విషయం అడగండి: నెలకు ఎన్ని తూటాలు కాల్చనిస్తారు, ఎవరు పక్కన నిలబడి గాలి చూపిస్తారు?