కుదరని లెక్కను చెరిపేయకండి



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది హైస్కూల్లో ఒక ప్రయోగం చేసే ఉంటారు. బుగ్గ లోపలివైపు టూత్‌పిక్‌తో మెల్లగా గీకి, వచ్చినదాన్ని స్లైడు మీద నీటిచుక్కలో పరిచి, మిథిలీన్ బ్లూ చుక్క వేసి, కవర్ స్లిప్ కప్పి చూసే ప్రయోగం. మొదట అంతా మసకే. మైక్రోస్కోపు మర తిప్పగా తిప్పగా ఒక్కసారిగా తేటపడుతుంది. లేత నీలంలో పలచటి రేకులు, ఒక్కో రేకులో ఒక ముదురు చుక్క. నేను చూసిన మొట్టమొదటి జంతుకణం నాదే. ఆ చుక్కకు ‘కేంద్రకం’ అని, చుట్టూ ఉన్నదానికి ‘కణద్రవ్యం’ అని రాసి రికార్డు మూసేశాను. చుక్క చుట్టూ ఉన్నదంతా ఖాళీ అనుకున్నాను.

అది ఖాళీ కాదని తెలియడానికి కొన్నేళ్లు పట్టింది. ఆ చుక్కలో విప్పి చాపితే దాదాపు రెండు మీటర్లుండే డీఎన్‌ఏ చుట్టుకుని ఉంది. ఆ చుక్కను ఆనుకుని మడతలు మడతలుగా అంతర్జీవ ద్రవ్యజాలం. దాని మీది రైబోజోములు అల్లిన ప్రోటీన్లు గాల్జీ సంక్లిష్టానికి చేరి, ఎవరు ఎటు వెళ్లాలో అక్కడ గుర్తులు వేయించుకుని బయల్దేరతాయి. వృక్షకణానికి ఉన్న గట్టి గోడ జంతుకణానికి లేదు, ఉన్నది పలచటి పొరే. అందుకే మన తెల్ల రక్తకణం సాగి, వంగి, బాక్టీరియాను చుట్టేసి మింగగలుగుతుంది. మింగినదాన్ని అరిగించేది లైసోజోము. ఈ కణాంగాలన్నిటి గురించీ మీరు చదివారు, పరీక్షలూ రాశారు. వాటిలో ఒకటి ఎలా దొరికిందో చెప్పడానికి ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

అది 1949. బెల్జియంలోని లూవేన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ డి డూవ్ అనే యువ శాస్త్రవేత్త కాలేయం మీద ఇన్సులిన్ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని ఎలుక కాలేయంలోని ఎంజైములను కొలుస్తున్నాడు. పోలిక కోసం యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఇంకో ఎంజైమును కూడా కొలిచాడు. దాని మీద ఆయనకు ప్రత్యేకమైన ఆసక్తేమీ లేదు. అంతకుముందు కాలేయాన్ని మన మిక్సీలాంటి బ్లెండరులో వేసి తిప్పేవారు. ఈసారి కణాంగాలు చితికిపోకుండా గాజు గొట్టంలో చిన్న కడ్డీతో మెత్తగా నూరారు. చూస్తే, వచ్చిన అంకె పాతదానిలో పదోవంతు మాత్రమే!

కొలతలో ఏదో పొరపాటు జరిగిందని ఆ కాగితాన్ని చించి పారేయవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. కానీ డి డూవ్, ఆయన తోటివారు ఆ గొట్టాలను ఫ్రిజ్‌లో దాచి, కొద్దిరోజుల తర్వాత మళ్లీ కొలిచారు. ఈసారి అంకె పైకి లేచి, మిక్సీలో తిప్పినప్పుడు వచ్చినంత వచ్చింది. కాలేయం అదే, గొట్టం అదే. మారింది ఏమిటి? ఆలోచించగా ఒక్కటే సమాధానం మిగిలింది. ఆ ఎంజైము కణంలో ఒక సంచిలో మూతపడి ఉంది. మిక్సీ ఆ సంచిని చింపేసింది. మెత్తగా నూరితే సంచి నిలిచింది, లోపలి ఎంజైము కొలతకు అందలేదు. ఫ్రిజ్‌లో రోజులు గడిచేకొద్దీ పొర సడలి అది బయటికి వచ్చింది. 1955లో ఆ సంచికి లైసోజోము అని పేరు పెట్టారు. 1974లో డి డూవ్‌కు ఆల్బర్ట్ క్లాడ్, జార్జ్ పలాడీలతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. కేంద్రకంలా రంగు వేస్తే కంటికి దొరికింది కాదు లైసోజోము. లెక్క కుదరకపోవడం వల్ల దొరికింది.

ఇలాంటిదే ఇంకో కథ మన భీమవరంలో పుట్టిన మనిషిది. యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. రసాయనాలు కలిపితే నీలిరంగు తేలుతుంది, రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. అదే పద్ధతిని కండరాల నుంచి తీసిన ద్రవం మీద వాడితే రంగు వెంటనే రాలేదు, ఆలస్యంగా, నెమ్మదిగా తేలింది. ఎందుకు ఆలస్యమైందని వెంటపడితే, అప్పటిదాకా ఎవరికీ తెలియని ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడింది. 1929లో కణానికి శక్తినిచ్చే ఏటీపీ బయటపడింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు. మైటోకాండ్రియా రాత్రింబగళ్లు తయారుచేసేది ఆ ఏటీపీనే. ఏ క్షణంలో చూసినా మన ఒంట్లో ఉండేది కొన్ని పదుల గ్రాములే. కానీ ఒక రోజులో తయారై ఖర్చయ్యేదంతా కూడితే ఇంచుమించు మనిషి బరువంత ఉంటుంది. అంత పెద్ద సంగతి, ఆలస్యంగా తేలిన ఒక నీలిరంగు వెనక దాగి ఉంది.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. డిగ్రీ చదివేటప్పుడు నా గ్రాఫులో ఒక చుక్క గీతకు దూరంగా పడింది. రబ్బరుతో చెరిపి, గీత మీదికి జరిపాను. అందరూ చేసే పనే కదా అనుకున్నాను. మా మేడమ్ గారు సంతకం పెట్టబోయి ఆగి, కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి చూశారు. చెరిపిన చోట పెన్సిల్ గుంట కనిపించింది. “ఇక్కడ ఏముండేది?” అని అడిగారు. కోప్పడలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. నేను చెప్పలేకపోయాను. అసలు అంకె ఎంతో నాకే గుర్తులేదు. తప్పు రాసినందుకు కాదు, ఆ అంకె ఇక ఎప్పటికీ దొరకనందుకు ఆ రోజు నాకు బాధ కలిగింది. ఆ బాధ ఇంకా పోలేదు.

కుదరని ప్రతి అంకె వెనకా ఒక లైసోజోము ఉండదు. చాలాసార్లు అది కడగని గొట్టమో, పాతబడిన రసాయనమో అవుతుంది. తెలుసుకోవడానికి దారి ఒక్కటే. అంకెను ఉన్నదున్నట్టు రాయండి, గొట్టం కడగండి, మళ్లీ కొలవండి. డి డూవ్ చేసింది అంతే.

దాని ఫలితం ఎంతదూరం వెళ్లిందో వినండి. పాంపే వ్యాధి అని ఒకటుంది. ఆ వ్యాధి తీవ్రంగా ఉన్న పసిపిల్లలకు గుండె ఉబ్బి, కండరాలు సడలి, చాలామంది తొలి పుట్టినరోజైనా చూడకుండానే పోయేవారు. 1963లో అదే లూవేన్‌లో, డి డూవ్ సహచరుడు హెర్స్ దానికి కారణం పట్టుకున్నారు. ఆ పిల్లల లైసోజోముల్లో గ్లైకోజెన్‌ను అరిగించే ఎంజైము లేదు. అరగని గ్లైకోజెన్ లైసోజోముల్లో పేరుకుపోయి గుండెనూ కండరాలనూ దెబ్బతీస్తోంది. 2006లో ఆ ఎంజైమునే మందుగా సెలైన్‌లా ఎక్కించే చికిత్సకు అనుమతి వచ్చింది. రక్తంలోకి ఎక్కించిన ఎంజైము లైసోజోముకు ఎలా చేరుతుంది? ఆ ఎంజైము మీద మానోస్-6-ఫాస్ఫేట్ అనే గుర్తు ఉంటుంది. మన కణాల్లో గాల్జీ సంక్లిష్టం వేసే గుర్తు అది. కణ పొర ఆ గుర్తును పట్టి లోపలికి తీసుకుంటుంది. ఆ పిల్లల్లో చాలామంది ఇప్పుడు మొదటి పుట్టినరోజు దాటుతున్నారు. ఫ్రిజ్‌లో దాచిన ఆ గొట్టాలతో మొదలైన దారి ఇక్కడిదాకా వచ్చింది.

ఈ హాలు దాటాక మీలో కొందరు పరిశోధనకు వెళ్తారు, కొందరు డయాగ్నస్టిక్ ల్యాబులకు, కొందరు మందుల కంపెనీల్లో నాణ్యత పరీక్షలకు. అక్కడ మీ చేతికి వచ్చే అంకె వెనక ఒక రోగి ఉంటాడు. సాయంత్రం ఆరింటికి, అందరూ ఇంటికి బయల్దేరే వేళ, ఒక అంకె కుదరదు. అప్పుడు మీకు తోడుగా ఎవరూ ఉండరు. ఆ అంకెతో ఏం చేస్తారన్నదే మీ చదువు.

మీలో కొందరు బడుల్లో, కాలేజీల్లో పాఠాలు చెబుతారు. ఏదో ఒక రోజు ఒక పిల్లవాడు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తి “మేడమ్, పుస్తకంలో ఉన్నట్టు నాకు రాలేదు” అంటాడు. బొమ్మ చూసి గీసెయ్ అనకండి. వాడి పక్కకు వెళ్లి, మీ కన్ను ఐపీస్‌కు ఆనించి, వాడికి ఏం కనిపించిందో చూడండి.