గర్భిణికి పక్షవాతము వచ్చినచో
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పురుటికి ఆడపిల్లను పుట్టింటికి తెచ్చుకొనుట మన ఆచారము. ఎన్ని తరములుగా కన్నడ దేశమున కాపురమున్నను దానిని మనము విడువలేదు. ఆ బాధ్యత వహించు తలిదండ్రులకు ఒక్క విషయము మనవి చేయదలచితిమి.

మెదడుకు రక్తము కొనిపోవు నాళములో గడ్డ అడ్డుపడుటవలన పక్షవాతము వచ్చును. ఇది ముసలివారి జబ్బని మన తలంపు. కాని గర్భిణుల రక్తమునకు గడ్డకట్టు గుణము హెచ్చు. కాన్పు తరువాతి 6 వారములలో అపాయము మరింత ఎక్కువ. అన్ని రకములు కలిపి, లక్ష గర్భములకు సుమారు 30 మందికి పక్షవాతము వచ్చునని లెక్క.

గడ్డను కరగించు ఆల్టిప్లేస్ అను మందును 1996లో అమెరికా ప్రభుత్వము ఈ జబ్బుకు ఆమోదించినది. మొదట 3 గంటలలోపలనే ఇచ్చెడివారు. 2008లో వెలువడిన పరిశోధనతో గడువు నాలుగున్నర గంటలకు పెరిగినది. అయితే ఆ పరిశోధనలలో గర్భిణులను చేర్చుకొనలేదు. అందుచేత వైద్యులును జంకుచుండిరి.

ఆ మందు అణువు చాల పెద్దది. మావిని దాటి బిడ్డను చేరదు. భయమంతయు తల్లికి కలుగు రక్తస్రావమును గూర్చియే. జబ్బు తీవ్రమై, నష్టముకంటె లాభమే హెచ్చని తోచినపుడు గర్భిణికి కూడ ఈయవచ్చునని 2018లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచించినది. కొత్తగా ప్రసవించినవారి విషయములో మరింత జాగ్రత్త అవసరము.

ముందుగా తలకు స్కాన్ తీయవలెను. మెదడులో రక్తము చిందియుండినచో ఈ మందు ప్రాణాంతకము. తలకు తీయు స్కాన్ కిరణములు బిడ్డకు సోకునది అత్యల్పము. కావున "కడుపుతో ఉన్న పిల్లకు స్కానా?" అని అడ్డుపడరాదు.

మూతి వంకరపోయినను, ఒక చేయి వాలిపోయినను, మాట తడబడినను, నీరసమనియో దిష్టియనియో కూర్చుండరాదు. వెంటనే 108కి ఫోను చేసి, స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికి చేర్చవలెను. పిల్ల చివరిసారి బాగుగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుంచుకొనుడు. గడువు లెక్క అక్కడినుండియే. ఆ మాట కన్నడములో డాక్టరుకు స్పష్టముగా చెప్పగలవారు వెంట ఉండవలెను.

మందు ఈయవలెనా, వద్దా అన్నది వైద్యుడు తేల్చును. ఆయనకు కావలసిన కాలమును మిగిల్చి ఇచ్చుట మన పని. కొత్త సంవత్సరము మన యిండ్ల తల్లీబిడ్డలకు క్షేమము కలిగించుగాక!