‘ఇన్’ అనాలా, ‘ఎట్’ అనాలా?



మొన్న మా అమీర్‌పేటలో ఎదురింటి పిన్నిగారు చిన్నబుచ్చుకుని కూర్చున్నారు. ఆవిడ కూతురు ఇక్కడే మైత్రీవనం దగ్గర కంప్యూటరు కోర్సు నేర్చుకుని, అమెరికా వెళ్ళి స్థిరపడింది. ఫోనులో మనవడితో పిన్నిగారు ‘ఎట్ ద వీకెండ్’ అన్నారట. వాడు పకపకా నవ్వి, ‘ఆన్ ద వీకెండ్’ అనాలి అమ్మమ్మా, అన్నాడట. “ఇంక వాడితో ఇంగ్లీషు మాట్లాడనమ్మా” అన్నారావిడ. వాడికేమో తెలుగు అంతంతమాత్రం. ఇంగ్లీషు మానేస్తే, ఇద్దరి మధ్యా మాటే మానేసినట్టు కదా!

నిజానికి ఇందులో తప్పు ఎవరిదీ కాదు. బ్రిటన్‌లో ‘ఎట్’ అంటారు, అమెరికాలో ‘ఆన్’ అంటారు. ఫారం నింపడాన్ని బ్రిటన్‌లో ‘ఫిల్ ఇన్’ అంటే, అమెరికాలో ‘ఫిల్ అవుట్’ అనడం ఎక్కువ. ‘సోమవారం నుంచి శుక్రవారం దాకా’ అనడానికి బ్రిటిషువారు ‘మండే టు ఫ్రైడే’ అంటే, అమెరికావారు ‘మండే త్రూ ఫ్రైడే’ అంటారు.

మరి మనం ఎక్కడ తడబడతాం? చిన్నప్పుడు బడిలో వల్లించిన విభక్తులు గుర్తున్నాయా? మన ‘లో’ ఒక్కటే చేసే పనిని ఇంగ్లీషులో మూడు మాటలు పంచుకున్నాయి. ‘అమీర్‌పేటలో ఉంటాను’ అంటే పేట మొత్తం మనసులో ఉంటుంది కనుక ‘ఇన్’. ‘మెట్రో అమీర్‌పేటలో ఆగుతుంది’ అన్నప్పుడు అది దారిలో ఒక మజిలీ, అందుకని ‘ఎట్’. ‘మెట్రోలో ఉన్నాను’ అంటే ‘ఆన్’, ‘ఆటోలో ఉన్నాను’ అంటే ‘ఇన్’. లేచి నడవగలిగే బస్సు, రైలు, విమానాలకు ‘ఆన్’. ఒదిగి కూర్చునే ఆటో, కారులకు ‘ఇన్’ అని గుర్తుంచుకుంటే చాలావరకు సరిపోతుంది.

దిద్దుకోవలసినవీ కొన్ని ఉన్నాయి. ‘దాన్ని గురించి చర్చించాం’ అని మనసులో అనుకుని ‘డిస్కస్ అబౌట్’ అనేస్తాం. అక్కడ ‘అబౌట్’ అక్కర్లేదు. ‘ఫలానా ఆయనతో పెళ్ళయింది’ అన్నచోట ‘తో’ ఉంది కదా అని ‘మేరీడ్ విత్’ అంటాం. ‘మేరీడ్ టు’ అనాలి. ఇలాంటివి బ్రిటిషువారి పుస్తకాల్లోనూ, అమెరికావారి పుస్తకాల్లోనూ కూడా తప్పే.

కనుక ఎవరైనా దిద్దితే సిగ్గుపడకండి. అది పొరపాటా, లేక ఆ ఊరి మాటా అని అడిగి తెలుసుకోండి. మన ఇళ్ళల్లో చూడండి. కోస్తానుంచి వచ్చిన కోడలు ‘ఇంట్లో’ అంటుంది, తెలంగాణ అత్తగారు ‘ఇంట్ల’ అంటుంది. ఎవరి మాట వారిదే అయినా కాపురం సాగడం లేదూ?

ఇదంతా పిన్నిగారికి చెప్పాను. ఆ సాయంత్రమే మనవడికి ఫోను చేశారు. “ఒరేయ్, మీ ఊళ్ళో ‘ఆన్’, నేను చదివిన పుస్తకంలో ‘ఎట్’. రెండూ ఒప్పేనటరా!” అన్నారు. ఆ రోజు చాలాసేపు మాట్లాడుకున్నారు.

సెలవు.