మందు కంటే ముందే పుట్టే నిరోధకత

క్షయ క్రిమి ఒకటి రెండుగా చీలడానికి సుమారు ఇరవై గంటలు పడుతుంది. మన పేగుల్లో ఉండే ఇ.కొలై బాక్టీరియా అనుకూల పరిస్థితుల్లో అదే పని ఇరవై నిమిషాల్లో ముగిస్తుంది. వేగం ఏదైనా లెక్క ఒకటే: ఒక్క కణం 27 తరాలు తిరిగేసరికి పదమూడు కోట్లు దాటుతుంది. చీలిన ప్రతిసారీ డీఎన్ఏకు నకలు తీయాలి. ఆ నకల్లో అరుదుగా ఒక తప్పు దొర్లుతుంది. అదే ఉత్పరివర్తనం. ఏ తప్పు ఎప్పుడు దొర్లుతుందో ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు. ఎన్ని దొర్లుతాయో, వాటి సంతతి ఎంత ఉంటుందో మాత్రం గణితం చెప్పగలదు.

1940 ప్రాంతంలో జీవశాస్త్రజ్ఞులను ఒక ప్రశ్న వేధించింది. వైరస్ దాడికి తట్టుకున్న బాక్టీరియా ఆ దాడి వల్లే మారిందా, దాడికి ముందే మారి ఉందా? అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న సాల్వడార్ లూరియాకు ఒక విందులో జూదపు యంత్రం చూస్తుండగా దారి దొరికింది. అది చాలాసార్లు ఏమీ ఇవ్వదు, ఎప్పుడో ఒక్కసారి కుప్పగా రాల్చేస్తుంది. ఆయన బాక్టీరియాను విడివిడి గొట్టాల్లో పెంచి, ఒక్కో గొట్టాన్ని ఒక్కో వైరస్ పళ్లెంలో పోశాడు. వైరస్ తగిలాకే మార్పు వస్తే అన్ని పళ్లేల్లోనూ బతికినవి దాదాపు సమానంగా ఉండాలి. అప్పుడు సగటు, విస్తృతి (సగటు నుంచి తేడాల వర్గాల సగటు) ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. మార్పు ముందే వచ్చి ఉంటే సంగతి వేరు. తొలి తరాల్లో మారిన కణానికి వందల సంతానం ఉంటుంది, ఆఖరి విభజనలో మారినదానికి ఉండదు.

మాక్స్ డెల్‌బ్రూక్ గణితం కూర్చగా ఇద్దరూ కలిసి 1943లో ఫలితాలు ప్రచురించారు. ఒక ప్రయోగంలో 87 గొట్టాలు. వాటిలో 29 గొట్టాల్లో నిరోధక కణం ఒక్కటీ లేదు, 17 గొట్టాల్లో ఒక్కటే ఉంది, నాలుగింట్లో రెండు వందలకు పైగా ఉన్నాయి. సగటు 30కి లోపే, విస్తృతి వేలు దాటింది. మార్పు దాడికి ముందే వచ్చి ఉందని అక్కడితో తేలిపోయింది.

ఆ ఒక్క పట్టిక నుంచే ఉత్పరివర్తన రేటును రాబట్టవచ్చు. మూడో వంతు గొట్టాలు నిరోధక కణం లేక ఖాళీ కాబట్టి ఒక్కో గొట్టంలో జరిగిన ఉత్పరివర్తనాల సగటు, 3కు సహజ సంవర్గమానం, అంటే 1.1. గొట్టంలోని కణాలు సుమారు 24 కోట్లు. ఒకదాన్ని మరోదానితో భాగిస్తే దాదాపు 22 కోట్ల విభజనలకు నిరోధకతనిచ్చే తప్పు ఒకటి. ఇక ఒకే నిరోధక కణం ఉండవలసిన గొట్టాల వాటా కావాలంటే, ఖాళీ గొట్టాల వాటాను 1.1లో సగంతో హెచ్చించాలి. వచ్చేది 0.18, అంటే 87లో 16. ప్రయోగంలో తేలినవి 17! కాగితం మీది లెక్క ప్రాణమున్న కణాలకు ఇంత దగ్గరగా రావడం ఈ శాస్త్రంలోని గొప్ప ఘట్టాల్లో ఒకటి.

నిరోధక కణాల సంఖ్య గొట్టం గొట్టానికి ఇలా మారే తీరుకు పూర్తి గణిత రూపాన్ని 1949లో లీ, కూల్సన్ ఇచ్చారు. అంతకుముందే జె.బి.ఎస్. హాల్డేన్ తనదైన పద్ధతిలో దీన్ని సాధించాడు కానీ ప్రచురించలేదు.  ఆ రాతప్రతిని సహోత్రా సర్కార్ 1991లో వెలుగులోకి తెచ్చాడు. ఈ గణిత నమూనాకు పరిమితులున్నాయి. మారిన కణం మారనిదానంత వేగంగానే పెరుగుతుందని, ఏ కణమూ చావదని అది అనుకుంటుంది. నిజానికి కొన్ని ఉత్పరివర్తనాలు కణాన్ని మందగింపజేస్తాయి. తరువాతి నమూనాలు ఆ లోటు పూడుస్తూ వచ్చాయి.

ఈ లెక్క మన ప్రాంతానికి అత్యంత అవసరమైన చోటు క్షయ చికిత్స. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం నాటి నుంచి ఈ వ్యాధితో తెలుగునాడుకు పరిచయముంది. 1959లో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. దానితో పనిచేసిన వాలర్, గెజర్, అండర్సన్ 1962లో క్షయ వ్యాప్తికి తొలి గణిత నమూనాల్లో ఒకదాన్ని రూపొందించారు. అది మనుషుల మధ్య వ్యాప్తిని లెక్కించింది. ఊపిరితిత్తి లోపలి లెక్కకు లూరియా పద్ధతే ఆధారం. 1970లో హ్యూగో డేవిడ్ కొలిచిన ప్రకారం క్షయ మందుల్లో ఐసోనియాజిడ్‌కు నిరోధకత సుమారు నాలుగు కోట్ల విభజనలకు ఒకసారి, రిఫాంపిసిన్‌కు 440 కోట్లకు ఒకసారి పుడుతుంది. ఊపిరితిత్తిలో పడిన గుల్లలో పది కోట్ల క్రిములుంటే, మాత్ర ఒక్కటి కూడా మింగకముందే నూటికి 92 గుల్లల్లో ఐసోనియాజిడ్‌కు లొంగని క్రిమి తయారై ఉంటుంది. రిఫాంపిసిన్ విషయంలో అది నూటికి రెండే. రెంటికీ ఒకేసారి లొంగని క్రిమి కోటి గుల్లలు వెతికినా దొరకడం కష్టం. అందుకే మందులు కలిపి ఇస్తారు. ఒక్క మందే ఇస్తే లొంగని కొద్దిపాటి క్రిములు మళ్లీ కోట్లకు పెరుగుతాయి. ఆ కోట్లలో రెండో మందుకూ లొంగనివి పుడతాయి. తరువాత రెండో మందు చేర్చినా ఆలస్యమే. 1940ల చివర స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే వాడిన రోగులు మొదట కోలుకుని తిరిగి జబ్బుపడింది ఇందుకే.

మన దేశంలో మామూలు క్షయకు రెండు నెలలు నాలుగు మందులు, ఆపై నాలుగు నెలలు మూడు మందులు ఇస్తారు. నెల తిరిగేసరికి దగ్గు తగ్గుతుంది, క్రిములు మాత్రం మిగిలే ఉంటాయి. బెంగళూరు కె.ఆర్.పురంలో పని దొరికి, పండక్కో కోతలకో రైలెక్కి సొంతూరికి పోయే తెలుగు కూలీలకు మాత్రలు మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. క్షయ రోగుల ప్రభుత్వ నమోదు వ్యవస్థ అయిన నిక్షయ్‌లో నమోదు సంఖ్య ఉంటే చికిత్సను సొంతూరి ప్రభుత్వ ఆసుపత్రికి మార్పించుకోవచ్చు, మందులు ఉచితం. ఇరుగుపొరుగున ఎవరైనా క్షయ మందు వాడుతుంటే, ఊరికి బయలుదేరే ముందు ఆ సంఖ్య వెంట ఉందో లేదో ఒక్కసారి అడగండి.