ఉద్యోగాలిచ్చిన చేతులు ఖాళీ అయినప్పుడు

(విద్యావంతులైన యువతీయువకులు, వారి తల్లిదండ్రులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆర్థిక మాంద్యం అనగానే మనకు మూతపడిన ఫ్యాక్టరీ, పని దొరకని కూలీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోగొట్టుకున్న యువకుడు గుర్తుకు వస్తారు. ఆ తొలగింపు ఉత్తరాలను తయారుచేసి, ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి అందజేసిన ఉద్యోగిని గురించి ఎవరూ ఆలోచించరు. అతడు మానవ వనరుల విభాగంలో, అందరూ హెచ్‌ఆర్ అని పిలిచే విభాగంలో పనిచేసేవాడు. అందరి ఉత్తరాలూ పంచడం పూర్తయిన పిమ్మట అతని చేతికీ ఒక ఉత్తరం వస్తుంది. ఈ రోజు మేము అతనిని గురించి, అతని ఇంటిని గురించి మాట్లాడదలచినాము.

ఈ అంశాన్ని ఎన్నుకొనడానికి కారణం ఉన్నది. మన బిడ్డలలో ఎం.బి.ఎ. చదివి ఈ విభాగంలో చేరినవారు ఇప్పుడు ప్రతి పట్టణంలోనూ కనిపిస్తున్నారు. పదవీ విరమణ చేసిన కొందరు గుమాస్తాలం, ఉపాధ్యాయులం కలిసి ఆదివారం సాయంత్రాలలో దరఖాస్తులు నింపిపెట్టడం, పీఎఫ్ కాగితాలు సరిచూడడం వంటి చిన్న చిన్న సాయాలు చేస్తూ ఉంటాము. మా వద్దకు అందరికన్నా ఆలస్యంగా వచ్చేవారు ఈ హెచ్‌ఆర్ ఉద్యోగులే. "పదిమందికి దారి చెప్పవలసిన నేనే దారి అడగవలసి వచ్చింది" అన్న సంకోచం వారి కాళ్లకు అడ్డం పడుతుంది.

వేటు ముందుగా ఎందుకు పడుతుంది?

2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా కోరింది. మరుసటి సంవత్సరం అక్టోబరు నాటికి ఆ దేశంలో నిరుద్యోగం 10 శాతానికి చేరింది. మన దేశంలో ఉత్పత్తి పడిపోలేదు, వృద్ధి మాత్రమే మందగించింది. అయినా అమెరికా సంస్థల పనుల మీద ఆధారపడిన హైదరాబాదుకు ఆ దెబ్బ నేరుగా తగిలింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు లెక్కల్లో జరిగిన మోసాన్ని స్వయంగా లేఖలో ఒప్పుకొనడంతో వేలాది కుటుంబాలు భయంతో నిద్రలేని రాత్రులు గడిపాయి. ఏప్రిల్‌లో ఆ సంస్థను టెక్ మహీంద్రా చేజిక్కించుకునే వరకు ఆ అనిశ్చితి కొనసాగింది. రెండవ దెబ్బ 2020లో కరోనాతో వచ్చింది. ఆ సంవత్సరం ఏప్రిల్, మే, జూన్ నెలలలో దేశ ఆర్థిక ఉత్పత్తి అంతకుముందు ఏడాదితో పోల్చితే దాదాపు 24 శాతం కుంచించుకుపోయింది. తరువాతి మూడు నెలలలోనూ తగ్గుదల ఆగలేదు.

ఇటువంటి కాలంలో సంస్థ మొదట ఆపేది కొత్త నియామకాలను. నియామకాలు ఆగితే వాటిని చూసే సిబ్బందికి పని ఉండదు. తరువాత శిక్షణ కార్యక్రమాలు ఆగుతాయి, శిక్షణ ఇచ్చేవారికీ పని ఉండదు. ఉద్యోగులను వెదికిపెట్టే కన్సల్టెన్సీలకు అభ్యర్థి చేరితేనే రుసుము వస్తుంది గనుక, అవి అన్నిటికన్నా ముందు తలుపులు మూసుకుంటాయి. యజమాని దృష్టిలో హెచ్‌ఆర్ విభాగం ఆదాయం తెచ్చేది కాదు, ఖర్చు మాత్రమే. కనుక తొలగించబడినవాడు తన సామర్థ్యాన్ని శంకించుకొనవలసిన అవసరం లేదు. పని లేకపోవడం వేరు, పనికిరాకపోవడం వేరు.

చట్టం నీడ ఎంతవరకు?

ఈ రెండు మాంద్యాల కాలంలోనూ అమలులో ఉన్నది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం. సంవత్సరం పాటు నిరంతరాయంగా పనిచేసిన కార్మికుని పని తగ్గిందన్న కారణంతో తొలగించాలంటే ఒక నెల నోటీసు లేదా దానికి బదులు వేతనం, పూర్తయిన ప్రతి సంవత్సరానికీ పదిహేను రోజుల సగటు వేతనం ఇవ్వాలని అది నిర్దేశించింది. ఇతరుల కోసం ఈ లెక్కను వందలసార్లు కట్టిన హెచ్‌ఆర్ మేనేజరుకు ఇది వర్తించదు. నిర్వాహక, పరిపాలక హోదాలో ఉన్నవారిని ఆ చట్టం 'కార్మికుడు' అన్న నిర్వచనం నుండి మినహాయించింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ మినహాయింపు ఉన్నది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. హోదా పేరును బట్టి గాక, చేసిన పని స్వభావాన్ని బట్టి నిర్ణయించాలని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి. హాజరు పట్టీలు నింపుతూ, జీతాల లెక్కలు వేస్తూ గడిపిన మన పిల్లవాడి పేరు పక్కన 'ఎగ్జిక్యూటివ్' అని ఉన్నంత మాత్రాన అతడు నిర్వాహకుడు కాడు. కనుక న్యాయవాదిని అడగకుండానే హక్కును వదులుకొనకూడదు.

గ్రాట్యుటీ విషయంలో ఈ తేడా లేదు. 1972 నాటి గ్రాట్యుటీ చెల్లింపు చట్టం మేనేజరుకూ, బంట్రోతుకూ ఒకటిగానే ఉండేది. ఆ చట్టం ప్రకారం ఐదు సంవత్సరాల నిరంతర సర్వీసు ఉండవలసి ఉండేది. చివరి నెల మూల వేతనం, కరువు భత్యం కలిపి 26తో భాగించి, 15తో హెచ్చించి, సర్వీసు సంవత్సరాలతో గుణించేవారు. ఉదాహరణకు నెలకు 26,000 రూపాయలు తీసుకున్నవాడు ఆరు సంవత్సరాలు పనిచేస్తే ఆ లెక్కన 90,000 రూపాయలు వచ్చేవి. ముప్పై రోజులలో చెల్లించకపోతే వడ్డీతో సహా ఇవ్వాలి. వేతనం నెలకు 21,000 రూపాయలకు మించక ఈఎస్ఐ పరిధిలో ఉన్న చిన్న ఉద్యోగులకు 2018లో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన పేరుతో నిరుద్యోగ భృతి వచ్చింది. 2020లో దానిని సగటు వేతనంలో 25 శాతం నుండి 50 శాతానికి పెంచారు. గరిష్ఠ పరిమితిని తొంభై రోజులుగా పెట్టారు. ఈ సంగతి ఇతర ఉద్యోగులకు చెప్పిన హెచ్‌ఆర్ సహాయకులే తమకోసం దరఖాస్తు చేయకపోవడం మేము చూశాము.

సర్వీసు రిజిస్టర్ల మధ్య ఉద్యోగ జీవితం గడిపినవాళ్లం గనుక మరొక మాట చెబుతాము. ఉద్యోగంలో ఉన్నప్పుడే నియామక పత్రం, జీతం చీటీలు, పీఎఫ్ ఖాతా సంఖ్య, అందులోని పేరు ఆధార్‌లోని పేరుతో సరిపోయిందా లేదా అన్నది చూసి ఇంట్లో ఒక ఫైలులో పెట్టుకోవాలి. 'మహమ్మద్' అన్న ఒక్క పేరు ఒకచోట పూర్తిగా, మరొకచోట పొట్టిగా, ఇంకొకచోట వేరే స్పెల్లింగుతో ఉండి డబ్బు ఆగిపోయిన సందర్భాలు మన ఇళ్లలో ఎన్నో ఉన్నాయి. సంస్థను వదిలే రోజున రిలీవింగ్ లెటరు, అనుభవ ధ్రువపత్రం చేతికి తీసుకోవాలి. రాజీనామా చేయమని ఒత్తిడి తెచ్చినప్పుడు, చదవకుండా, ఇంట్లో సంప్రదించకుండా ఏ కాగితం మీదా సంతకం చేయకూడదు.

ఇంటికి నిజం చెప్పాలి

మా వద్దకు వచ్చిన ఒక సోదరుడు నాలుగు నెలలపాటు రోజూ ఉదయం సంచి తగిలించుకుని బయలుదేరి గ్రంథాలయంలో కూర్చుని సాయంత్రం ఇల్లు చేరేవాడు. ఇంటి రుణం వాయిదా తప్పినప్పుడు బ్యాంకు నుండి వచ్చిన ఫోను తండ్రిగారు ఎత్తారు. ఆ పెద్దాయన కోప్పడలేదు. "ముందే చెప్పి ఉంటే చిన్నవాడి పెళ్లి విందు తగ్గించుకునేవాళ్లం కదరా" అన్నారు. నాలుగు నెలల దాపరికానికి అయిన ఖరీదు ఆ విందు కోసం చేసిన అప్పు.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఉద్యోగం పోయిందని కొడుకు చెప్పిన రోజున "ఫలానావాళ్ల అబ్బాయి ఉద్యోగం నిలిచింది, నీదే ఎందుకు పోయింది?" అని అడగవద్దు. కోడలి ఉద్యోగమో, కూతురి ఉద్యోగమో పోతే "మంచిదే, ఇంట్లో ఉంటుంది" అని తీర్మానించవద్దు. ఆమె చదువుకు ఖర్చయినదీ మీ కష్టార్జితమే. ఆరు నెలల ఖర్చును కాగితం మీద వేసి, బడి రుసుము, మందులు, అద్దె వదలి మిగిలినవాటిలో ఏది ఆపగలమో అందరూ కూర్చుని నిర్ణయించాలి. వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసిన పరిస్థితి రాకముందే బంధువులు వడ్డీ లేని చేబదులు ఇచ్చి నిలబెట్టాలి. దానిని కాగితం మీద వ్రాసుకుంటే ఇచ్చినవారికీ, తీసుకున్నవారికీ గౌరవం.

చేతిలోని విద్య ఎక్కడికి పోదు

హెచ్‌ఆర్ పని అంటే నియామకాలు మాత్రమే కాదు. జీతాల పట్టిక, పీఎఫ్, ఈఎస్ఐ, హాజరు, సెలవు, కార్మిక శాఖ రిటర్నులు దానిలోని రెండవ సగం. మాంద్యంలో మొదటి సగం ఆగిపోతుంది గాని రెండవది ఆగదు. ఇరవైమంది పనిచేసే సంస్థకు పీఎఫ్, పదిమంది పనిచేసే సంస్థకు ఈఎస్ఐ నియమాలు వర్తిస్తాయి. మాంద్యం వచ్చినా ప్రతి నెల 15వ తేదీలోగా ఆ సొమ్ము కట్టవలసిందే. నియామకాలు మాత్రమే చూసిన యువతీయువకులు ఖాళీ కాలంలో ఈ రెండవ సగాన్ని నేర్చుకోవాలి.

నేర్చుకున్నదానికి పని ఎక్కడ ఉన్నది? మన చుట్టూనే ఉన్నది. మనవాళ్లు నడుపుతున్న ప్రైవేటు పాఠశాలలు, నర్సింగ్ హోములు, బేకరీలు, హోటళ్లు, బీరువాల తయారీ షెడ్లు ఎన్ని లేవు? వీటిలో అనేకచోట్ల రిజిస్టరు సరిగా ఉండదు, నర్సుకు ఈఎస్ఐ కార్డు ఉండదు, టీచరుకు పీఎఫ్ ఉండదు. పూర్తికాలపు హెచ్‌ఆర్ అధికారిని నియమించుకునే స్తోమత ఆ యజమానికి ఉండదు. వారానికి ఒక రోజు వచ్చి లెక్కలు సరిచేసేవారు దొరికితే నాలుగైదు సంస్థలు కలిసి ఒకరికి జీవనోపాధి కల్పించగలవు. మా వద్దకు వచ్చిన ఒక సోదరి రెండు పాఠశాలలు, ఒక ఆసుపత్రితో ఈ పని మొదలుపెట్టారు. పాత జీతంలో సగమే వస్తున్నది. అయినా ఆ ఆసుపత్రి ఆయాలకు తొలిసారిగా ఈఎస్ఐ కార్డులు వచ్చాయి.

రెండవ మార్గం పాత పరిచయాలు. మీరు ఉద్యోగం ఇచ్చినవారు నేడు ఎన్నో సంస్థలలో స్థిరపడి ఉంటారు. వారి జాబితా వ్రాసి, రోజుకు ఇద్దరికి చొప్పున ఫోను చేయండి. నాడు మీరు వారికి చేసినది మేలే గాని అప్పు కాదు. కనుక అడగడంలో తప్పు లేదు, కాదంటే నొచ్చుకొననవసరం లేదు. మధ్యలో ఖాళీగా ఉన్న నెలలను దాచడానికి దొంగ అనుభవ పత్రాలు మాత్రం కొనవద్దు. పాత సంస్థను సంప్రదించి సరిచూసే పనిని మీరే చేసి ఉన్నారు. అది ఎలా బయటపడుతుందో మీకే బాగా తెలుసు.

గల్ఫ్ మాటకు తొందరపడవద్దు. సౌదీ అరేబియాలో మానవ వనరుల విభాగపు పదవులు ఆ దేశ పౌరులకే ప్రత్యేకించబడ్డాయి. అక్కడ హెచ్‌ఆర్ ఉద్యోగమని చెప్పి డబ్బు అడిగే ఏజెంటును మొదట ఈ నియమం గురించే అడగండి.

ఆ కుర్చీ మనకు ఎందుకు ముఖ్యం?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన నాలుగు శాతం బీసీ-ఇ రిజర్వేషన్ విద్యకూ, ప్రభుత్వ ఉద్యోగాలకూ పరిమితం. ప్రైవేటు రంగంలో అది లేదు. అదే 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ప్రచురించిన అధ్యయనంలో, సమానమైన అర్హతలతో ప్రైవేటు సంస్థలకు పంపిన దరఖాస్తులలో ముస్లిం పేరున్నవాటికి పిలుపులు తక్కువ వచ్చినట్లు తేలింది. దరఖాస్తుల కట్టను విప్పే బల్ల వద్ద న్యాయంగా చూసే మనిషి ఉండడం ఎంత అవసరమో దీనిని బట్టి గ్రహించవచ్చు. అక్కడ మనవాళ్లకు పక్షపాతం చూపమని మేము కోరడం లేదు. పేరు చూసి ఏ దరఖాస్తునూ, అది దళిత సోదరునిదైనా, మన సోదరిదైనా, పక్కన పెట్టకుండా ఉంటే చాలు. అటువంటివారు నిస్పృహతో ఈ వృత్తినే వదలివేస్తే నష్టం వారి ఇంటితో ఆగదు.

కనుక ఈ సమావేశం నుండి వెళ్లేముందు రెండు పనులు కోరుతున్నాము. పదిమందికి మించి పని కల్పిస్తున్న యజమానులు బయట బల్ల మీద ఉన్న పుస్తకంలో తమ సంస్థ పేరు వ్రాయండి. ఉద్యోగం లేని హెచ్‌ఆర్ సోదర సోదరీమణులు, ఇక్కడ వ్రాయడానికి మొహమాటపడితే, ఆదివారం సాయంత్రం మీ కాగితాలతో మా వద్దకు రండి. ఎవరి సమాచారమూ బయటకు పొక్కదు. ఇద్దరినీ కలిపే బాధ్యత మేము తీసుకుంటాము.