కోత పడింది కూలి మీద

(ఉపాధి హామీ నిధుల కోతపై అనంతపురం జిల్లాలోని ఒక మండల మహాసభలో చేసిన ప్రసంగ పాఠం, మార్చి 2023)



ఫిబ్రవరి 1న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 45 లక్షల కోట్ల రూపాయల బడ్జెట్ ప్రవేశపెట్టారు. అందులో ఉపాధి హామీకి ఇచ్చింది 60 వేల కోట్లు. గత బడ్జెట్‌లో 73 వేల కోట్లు కేటాయించారు. అది చాలక సవరించిన అంచనాల్లో 89,400 కోట్లకు పెంచాల్సి వచ్చింది. అంటే ఖర్చవుతుందని ప్రభుత్వమే ఒప్పుకున్న మొత్తంలో దాదాపు మూడో వంతు వచ్చే ఏడాదికి కోసేశారు. అదే బడ్జెట్‌లో ఆహార సబ్సిడీ 2,87,194 కోట్ల నుంచి 1,97,350 కోట్లకు, ఎరువుల సబ్సిడీ 2,25,220 కోట్ల నుంచి 1,75,100 కోట్లకు తగ్గాయి.

"అడిగినవారికి పని ఇచ్చే పథకం కదా, అవసరమైతే తర్వాత పెంచుతాం" అంటున్నారు. తర్వాత అంటే ఎప్పుడు? మనకు పని కావాల్సింది వేసవిలో. ఏప్రిల్‌లో కొత్త లెక్కలు తెరిచేసరికి పాత బకాయిలు ముందు నిలబడతాయి. వాటికి పోగా మిగిలిందే మనకు. డిసెంబరులో వచ్చే డబ్బు మే నెల ఆకలి తీర్చదు.

చట్టాన్ని రద్దు చేశామని ఎవరూ మనతో చెప్పరు. "ఇంకా పనులు మంజూరు కాలేదు" అంటారు. జనవరి నుంచి పని చోట రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో పెట్టాలన్నారు. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే, గుంత తవ్విన చేతులకు మస్టరు పడదు. ఆధార్ లింకు కుదరకపోతే డబ్బు పడదు. మన రాష్ట్రంలో రోజు కూలి 257 రూపాయలు. ఆరు రోజులకు 1,542. అది గడువు దాటి ఆగితే చట్టం ప్రకారం రోజుకు 0.05 శాతం పరిహారం, అంటే 77 పైసలు! అంగట్లో అప్పు మీద పడే వడ్డీకి ఇది ఏ మూలకు?

ఈ దెబ్బ ముందుగా తగిలేది ఊరు వదిలి పోలేనివారికి. ఒంటరి మహిళలకు, వయసు మళ్లినవారికి, చిన్నపిల్లల తల్లులకు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే కూలి ఇచ్చే పని ఊళ్లో ఇదొక్కటే. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా, ఎనభై ఏళ్లలోపు వారికి, ఏళ్ల తరబడి నెలకు 200 రూపాయల దగ్గరే ఆగిపోయింది. పోగలిగినవాళ్లు బెంగళూరు బస్సెక్కుతున్నారు. 2006 ఫిబ్రవరి 2న ఈ పథకం మొదలైంది మన జిల్లాలోని బండ్లపల్లిలోనే. వలసలు ఆపడానికి వచ్చిన పథకం పుట్టిన గడ్డ మీదే మళ్లీ వలసలు చూడాలా?

ఇక్కడ మనలో మనం ఒక మాట దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. "ఉపాధి వల్ల కూలీలు దొరకడం లేదు, తగ్గిస్తే మంచిదే" అనే మాట మన సంఘంలోనూ వినిపిస్తోంది. సాగు ఖర్చుల బాధ నిజమే. కానీ ఎరువుల సబ్సిడీ కోసిందీ, గిట్టుబాటు ధర ఇవ్వనిదీ కూలీ కాదు. రెండెకరాల రైతుకూ, కౌలుదారుకూ జాబ్ కార్డు ఉంది. పంట పోయిన ఏడాది గంపా పారా పట్టుకుని వాళ్లూ ఆ పనికే పోయారు. మన చేలల్లో నీటి కుంటలు తవ్విందీ, పండ్ల మొక్కలు నాటిందీ ఈ పథకమే. కూలీని, రైతును ఎదురెదురుగా నిలబెడితే లాభం కోత కోసినవాడికే.

కాబట్టి ఈ నెలలోనే ఊరూరా కదులుదాం. పని కావాలని నోటిమాటగా కాకుండా కాగితం మీద అడుగుదాం. తేదీ వేసిన రసీదు తీసుకుందాం. రసీదు ఉంటే, పదిహేను రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి అడిగే హక్కు ఉంటుంది. రసీదు లేకపోతే "ఎవరూ పని అడగలేదు" అని రాసుకుంటారు, ఆ రాతే వచ్చే ఏడాది కోతకు సాకు అవుతుంది. చదువు వచ్చిన పిల్లలు ప్రతి వాడలో కూర్చుని దరఖాస్తులు రాయాలి. రాలేని అవ్వల ఇంటికి మనమే వెళ్లాలి. ఆ రసీదులన్నీ పట్టుకుని రైతులు, కూలీలు కలిసి మండల ఆఫీసు ముందు నిలబడదాం. నిధులు పెంచాలని, బకాయిలు చెల్లించాలని, యాప్ హాజరు ఎత్తేయాలని అడుగుదాం.

చట్టం మనకు హక్కు ఇచ్చింది. అడగడం మానేసిన రోజున ఆ హక్కు దానంతటదే పోతుంది.