పేరు పోయిన రచయిత
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పండితుణ్ణి కాను. మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. పంచాంగ శ్రవణం అయిన తరువాత యెవరో ఒకరు లేచి పోతన గురించో వేమన గురించో మాట్లాడడం మన సంఘంలో ఆచారం. ఈసారి కార్యదర్శిగారు నన్ను మాట్లాడమంటే, అమెరికాలో ఒక సినిమా రచయిత గురించి చెబుతానన్నాను. "పండుగపూట అమెరికావాడెందుకయ్యా?" అన్నారు. "రాసింది ఒకరు, పేరు మరొకరిది అనే కథండీ. గుమాస్తాలకు బాగా తెలిసిన సంగతి" అన్నాను. నవ్వి ఒప్పుకున్నారు.

ఆఫీసులో నోటు మేము రాస్తాం, కింద సంతకం పెద్దవారు చేస్తారు. దానికి మాకు బాధ లేదు. వుద్యోగ ధర్మమే అది, నెల తిరిగేసరికి జీతం ముడుతుంది. కాని కథ రాసేవాడి సంగతి వేరు. తెర మీద రెండు క్షణాలు కనబడే ఆ పేరే అతనికి ఆస్తి. అది తీసేస్తే అతని గతి యేమిటి?

ఆ రచయిత పేరు డాల్టన్ ట్రంబో. 1905 డిసెంబరు 9న కొలరాడో రాష్ట్రంలో మాంట్‌రోజ్ అనే వూళ్ళో పుట్టాడు. తండ్రి చెప్పుల దుకాణంలో గుమాస్తా. కుటుంబం లాస్ ఏంజిలిస్ చేరిన కొద్దికాలానికే, 1926లో, తండ్రి పోయాడు. తల్లి, ఇద్దరు చెల్లెళ్ళు. ఇరవయ్యేళ్ళ కుర్రవాడు ఒక రొట్టెల కార్ఖానాలో రాత్రి పనికి కుదిరి, యెనిమిదేళ్ళ పైచిలుకు అక్కడే వున్నాడు. రాత్రంతా రొట్టెలు, పగలు రాత. రాసినవి పంపడం, అవి తిరుగు టపాలో రావడం. నైట్ డ్యూటీ చేసి వచ్చి పిల్లల గోలలో నిద్రపోయే మనవాళ్ళకు ఆ పట్టుదల యెంతటిదో నేను వివరించనక్కరలేదు.

1939లో "జానీ గాట్ హిజ్ గన్" అనే నవల ప్రచురించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఒక యువకుడు కాళ్ళూ చేతులూ, చూపూ వినికిడీ, నోరూ సమస్తం పోగొట్టుకుని ఆస్పత్రి మంచం మీద బ్రతికి వుంటాడు. చివరికి తల దిండుకేసి కొట్టుకుంటూ తంతి సంకేతాలలో, అంటే మోర్సు కోడులో, లోకంతో మాట్లాడబోతాడు. పాతకాలపు తారు గుమాస్తాల మనుమలు యీ సభలో చాలామంది వున్నారు. ఆ ఘట్టం చదివితే వాళ్ళకు వేళ్ళు కదలక మానవు.

తరువాత సినిమాలలో అతనికి గొప్ప దశ పట్టింది. "కిట్టీ ఫాయిల్", "థర్టీ సెకండ్స్ ఓవర్ టోక్యో" వంటి చిత్రాలు రాశాడు. మెట్రో గోల్డ్విన్ మేయర్ కంపెనీతో వొప్పందం వారానికి 3,000 డాలర్లు, లేదా కథకు 75,000. 1943లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. అప్పట్లో రష్యా అమెరికాకు మిత్రదేశమే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. అదే యుద్ధకాలంలో, అతని నవల చదివిన యుద్ధ వ్యతిరేకులు కొందరు అతనికి వుత్తరాలు రాశారు. వాళ్ళలో హిట్లరు వైపు మొగ్గినవారున్నారని తోచి, ట్రంబో స్వయంగా ఎఫ్.బి.ఐ. పోలీసులను ఇంటికి పిలిచి ఆ వుత్తరాలు చేతికిచ్చాడు. వచ్చినవాళ్ళకు వుత్తరాల మీదకంటె తన మీదనే ఆసక్తి యెక్కువని తరువాత గ్రహించాడు. చేసింది తప్పేనని తానే రాసుకున్నాడు. మనిషి మహర్షి కాడు. అందుకే అతని కథ నాకు నమ్మబుద్ధి అయింది.

యుద్ధం ముగిసింది, మిత్రుడు శత్రువయ్యాడు. 1947 అక్టోబరు 28న వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభవారి విచారణ కమిటీ ట్రంబోను పిలిచి, "నీవు కమ్యూనిస్టు పార్టీలో వున్నావా? యెప్పుడైనా వుండినావా?" అని అడిగింది. లేనంటే అబద్ధం. వున్నానంటే వెంటనే రెండో ప్రశ్న, "నీతో ఇంకా యెవరెవరున్నారు?" అని. అసలు మెలిక అక్కడ వున్నది. నేరస్థుణ్ణి కాకుండేందుకు జవాబు చెప్పనని రాజ్యాంగంలోని అయిదవ సవరణ చాటున నిలబడితే జైలు తప్పేది. ట్రంబో, అతనితోబాటు మరి తొమ్మిదిమంది, అలా చేయలేదు. మొదటి సవరణ ఇచ్చిన భావస్వాతంత్ర్యం ప్రకారం యీ ప్రశ్న అడిగే హక్కే మీకు లేదని నిలబడ్డారు. వారికే "హాలీవుడ్ పదిమంది" అని పేరు వచ్చింది.

నవంబరు 24న ప్రతినిధుల సభ వారి మీద ధిక్కార నేరం మోపింది. ఆ మర్నాడే పెద్ద సినిమా కంపెనీల యజమానులు, న్యూయార్కులో వాల్డార్ఫ్ హోటలులో కూడి, వీరికి పని ఇవ్వబోమని ప్రకటించారు. నల్లజాబితా అలా పుట్టింది. పదిమందితో మొదలై వందలకు పాకింది. ఏ గోడమీదా యెవరూ దాన్ని అంటించలేదు. స్టూడియోవారు ఫోను యెత్తరు, అంతే.

ఇటువంటివి అక్కడివారికే చెల్లునని అనుకోకండి. మన రైల్వేలలో 1949లో దేశభద్రత పేరిట ప్రత్యేక నియమాలు వచ్చాయి. వాటి కింద కొందరు వుద్యోగుల కొలువులు పోయాయి. 1957లో సుప్రీంకోర్టు కూడ ఆ నియమాలు చెల్లుతాయన్నది. మా తాతగారి తరంవారు ఆ కబురు యెత్తితే గొంతు తగ్గించి మాట్లాడేవారు.

1950 జూనులో ట్రంబో జైలుకు వెళ్ళి, కెంటకీ రాష్ట్రంలో ఆష్లాండ్ జైలులో పది నెలలు వున్నాడు. ఇంతలో ఒక విచిత్రం జరిగింది. ఆ కమిటీ అధ్యక్షుడు పార్నెల్ థామస్, పనిచేయనివారి పేర్లు జీతాల బిల్లులో యెక్కించి సొమ్ము తాను తీసుకున్న నేరానికి శిక్షపడి, పదిమందిలో ఇద్దరున్న డాన్‌బరీ జైలుకే వచ్చిపడ్డాడు. మస్టరు రోలు రాసేవారెవరైనా ఇక్కడ వుంటే జాగ్రత్తగా వినండి!

విడుదలయ్యాక పొలం, ఇల్లు అమ్ముకుని, భార్య క్లియోతో, ముగ్గురు పిల్లలతో మెక్సికో చేరాడు. పేర్లు చెబితే మళ్ళీ పని దొరికేది. పదిమందిలో ఒకరైన ఎడ్వర్డ్ డిమిట్రిక్ అనే దర్శకుడు 1951లో తిరిగి కమిటీ యెదుటికి వెళ్ళి పేర్లు చెప్పి పని సంపాదించుకున్నాడు. ట్రంబో చెప్పలేదు. దొంగచాటుగా రాయడమే దారి అయింది. జైలుకు ముందే అది మొదలయింది. "గన్ క్రేజీ" చిత్రం మరొక రచయిత పేరుతో వచ్చింది, ముట్టింది 3,750 డాలర్లు. ఒకప్పటి 75,000 యెక్కడ, ఇది యెక్కడ? నాన్న యేం పని చేస్తాడని బడిలో అడిగితే పిల్లలు చెప్పగూడదు.

మీలో చాలామంది "రోమన్ హాలిడే" చూసే వుంటారు. రాకుమారి రాజభవనం నుంచి తప్పించుకుని, పత్రికా విలేఖరితో ఒక రోజు రోము నగరమంతా తిరుగుతుంది. ఆ కథ ట్రంబోది. ఇయన్ మెక్లెలన్ హంటర్ అనే మిత్రుడు తన పేరు ఇచ్చి, కంపెనీ ఇచ్చిన డబ్బు తెచ్చి ట్రంబోకు అందించాడు. 1954లో ఆ కథకు ఆస్కార్ బహుమతి వచ్చింది, హంటర్ పేరుకు. పేరు అరువిచ్చిన ఆ మిత్రుడు కూడ తరువాత నల్లజాబితాకే యెక్కాడు.

1957 మార్చి 27 రాత్రి ఇంకా తమాషా జరిగింది. "ది బ్రేవ్ వన్" అనే చిత్రంలో ఒక మెక్సికో పిల్లవాడు కోడెదూడను పెంచుతాడు. అది యెద్దుపోరుకు పోవలసివస్తుంది. ఒంగోలు గిత్తను సాకిన ఇళ్ళవారికి ఆ పిల్లవాడి యేడుపు కొత్తగాదు. ఉత్తమ కథ రాబర్ట్ రిచ్‌ది అని పిలిచారు. యెవరూ లేవలేదు. భార్య ప్రసవ సమయంలో ఆస్పత్రిలో వున్నాడని రచయితల సంఘం తరఫున ఒకాయన బహుమతి అందుకున్నాడు. ఆ తరువాత వెతికితే అటువంటి రచయితే లేడు! పత్రికలవారు ట్రంబోను అడిగితే అవుననలేదు, కాదనలేదు. మంచి సినిమా ఏదైనా సరే నల్లజాబితావాడు రాసివుండవచ్చునన్న అనుమానం ఊరంతా పాకనిచ్చాడు. పద్యం కంటె యీ మౌనమే గొప్ప చమత్కారమని నాకనిపిస్తుంది. 1959 జనవరిలో, రిచ్‌ను నేనేనని ఒప్పుకున్నాడు.

1960 జనవరిలో "ఎక్సొడస్" చిత్రం రాస్తున్నది ట్రంబో అని దర్శకుడు ప్రెమింజర్ బహిరంగంగా చెప్పాడు. కిర్క్ డగ్లస్ తీసిన "స్పార్టకస్" మీద కూడ ఆ యేడే అతని పేరు పడింది. ముందు ధైర్యం చేసింది యెవరన్న తగవు వారిద్దరి మధ్యా మిగిలిపోయింది. మరుసటి యేడు ఒక సంఘంవారు సినిమాహాలు ముందు అడ్డంగా నిలబడితే, అధ్యక్షుడు కెనెడీ వారిని దాటుకుని వెళ్ళి "స్పార్టకస్" చూసి వచ్చాడు.

1970లో రచయితల సంఘం సన్మానం చేస్తే, ఆ కాలంలో వీరులనీ దుష్టులనీ వెతకవద్దు, అందరూ బాధితులేనన్న అర్థంలో ట్రంబో మాట్లాడాడు. తనతో జైలుకు వెళ్ళిన ఆల్బర్ట్ మాల్జ్‌కు ఆ మాట మీద చాలా కోపం వచ్చింది. పేర్లు చెప్పినవాణ్ణీ, చెప్పక చితికిపోయినవాణ్ణీ ఒక గాట కడతావా అని ఆయన బాధ. నేనూ మాల్జ్ వైపే. అయినా క్షమించే హక్కు ట్రంబోకు వున్నదనే అంటాను.

"బ్రేవ్ వన్" బహుమతి 1975లో అతని చేతికి వచ్చింది. 1976 సెప్టెంబరు 10న గుండె ఆగి పోయాడు. "రోమన్ హాలిడే" బహుమతి 1993లో భార్య క్లియో అందుకున్నది. అయినా తెరమీద పేరు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. దాన్ని సరిదిద్దమని అడిగినవారు యెవరనుకున్నారు? ట్రంబో కుమారుడు క్రిస్టఫర్, హంటర్ కుమారుడు టిమ్, ఇద్దరూ కలిసి. రచయితల సంఘం పాత కాగితాలన్నీ తిరగవేసి, కథ డాల్టన్ ట్రంబోది అని 2011 డిసెంబరులో తేల్చింది. క్రిస్టఫర్ ఆ సంవత్సరం జనవరిలోనే పోయాడు.